నటనా, నడవడీ

ముప్పయ్యేళ్ళకు పైబడిన ఉపాధ్యాయ వృత్తిలో పిల్లలతో నేను ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే "చదువుకో" అని చెప్పాలని ఉంటుంది గాని, నిజం చెప్పవలసివస్తే అది "నటించకు" అన్న మాట. కడుపునొప్పి అన్నవాడితో అన్నాను, పలక పగిలిందని ఏడ్చినవాడితో అన్నాను, అమ్మమ్మ చనిపోయిందన్నవాడితోనూ ఒకసారి అన్నాను (ఆమె నిజంగానే చనిపోయింది). సమాసాలు విప్పడమే జీవికగా బతికిన తెలుగు పండితుణ్ణి, ఇన్నిమార్లు వాడిన ఆ ఒక్క మాటను మాత్రం విప్పి చూడలేదు. విప్పి చూడక తప్పని స్థితి ఒక పిల్లవాడి వల్ల వచ్చింది.

1991 నాటి మాట. డోంగ్లి పరిసరాలలో ఒక బడిలో పనిచేస్తున్నాను. అప్పుడు డోంగ్లి నిజామాబాదు జిల్లా మద్నూరు మండలంలోని ఊరు. కామారెడ్డి జిల్లా 2016లోనూ, డోంగ్లి పేరిట మండలం 2022లోనూ వచ్చాయి. అవతల దెగ్లూరు, అంటే మహారాష్ట్ర. 1956లో రాష్ట్రాలను పంచినప్పుడు దెగ్లూరు తాలూకా నాందేడు జిల్లాతో బొంబాయి రాష్ట్రానికి పోగా, అందులోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు మాత్రం ఇటు మిగిలాయి. గీత గీసినవారు భాషల మధ్య గీయలేకపోయారు. అక్కడి పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, అంగట్లో మరొక భాష మాట్లాడతారు. ఒకే వాక్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ వినబడితే మొదట్లో నా పండితహృదయం విలవిలలాడేది. తర్వాత అలవాటైంది. ఆ పైన ఇష్టమైంది.

ఆ ఏడు ఒక పగటివేషగాళ్ళ కుటుంబం వచ్చి ఊరి బయట గుడారం వేసుకుంది. అక్కడివారు వాళ్ళను బహురూపులంటారు. పగటివేషం సంగతి తెలియని చిన్నవారికోసం రెండు మాటలు చెబుతాను. దానికి వేదిక లేదు, తెర లేదు, దీపం లేదు. పట్టపగలు, చేయి చాస్తే అందేటంత దూరంలో నిలబడి, ఒకరోజు శివుడుగా, ఒకరోజు షావుకారుగా, మరొకరోజు జమానుగా వచ్చి ఊరిని నమ్మించాలి. చివరి రోజున నిజరూపంతో వచ్చి ఇంటింటా గింజలో పైసలో అడుగుతారు. అంతకన్న కఠినమైన రంగస్థలం నాకు తెలియదు.

ఆ ఇంటి పిల్లవాడు ఐదారు నెలలు మా బడికి వచ్చాడు. ఒకనాడు పద్యం అప్పజెప్పమంటే తల నొప్పిగా ఉందన్నాడు. అలవాటుగా "నటించకురా" అన్నాను. తరగతి నవ్వింది. వాడు మాత్రం నవ్వకుండా, కోపం కూడా లేకుండా, నేను తెలియక అన్నట్టు సర్ది చెప్పాడు: "నటిస్తే ఇట్ల చెయ్య సార్. మంచిగ చేస్త."

నుదుటి మీద చేయి వేస్తే కాలిపోతోంది.

చాలా ఏళ్ళకు ఈ సంగతి మళ్ళీ తలకెక్కింది. నాటకరంగం చదువుకుంటున్న మా మేనకోడలు ఒక కాగితం తెచ్చి చూపింది. అందులో నటనకూ ప్రవర్తనకూ సంబంధించిన ఇంగ్లీషు మాటలు ఒక వరుసలోనూ, వాటికి గ్రీకు మాటలు ఎదుటి వరుసలోనూ ఉన్నాయి. "మావయ్యా, ఇవి రెండూ ఒకే పట్టికలో ఎందుకున్నాయి?" అని అడిగింది. నాకు గ్రీకు రాదు. నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

ఇంగ్లీషువారి 'యాక్ట్'కు ఆ తగాదాయే లేదు. రంగం మీద చేసేదీ, ఇంట్లో చేసేదీ ఒకటే మాట. లాటిన్‌లో దాని మూలక్రియ పశువులను తోలడానికి కూడా పనికివస్తుంది. గ్రీకు 'డ్రామా' కూడా అంతే, చేయడమన్న అర్థమున్న 'ద్రాన్' నుంచి వచ్చింది. నాటకం మాదే అని డోరియన్లు ఈ మాటనే సాక్ష్యంగా చూపేవారని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం మూడో అధ్యాయంలో చెబుతాడు. చేయడాన్ని మేము 'ద్రాన్' అంటాము, ఏథెన్సువాళ్ళు 'ప్రాత్తేన్' అంటారు, కనుక నాటకం మాది అని వాళ్ళ వాదమట. మాండలికాల మీద పుట్టే పంచాయితీలు మనకే ప్రత్యేకం కాదన్నమాట!

నన్ను ఆపేసినది మరొక మాట. ఇంగ్లీషులో కపటిని 'హిపోక్రిట్' అంటారు కదా, దాని గ్రీకు మూలం 'హుపోక్రితేస్'. ఏథెన్సు నాటకాల నాడు దానికి నటుడు అనే అర్థం. అంతకుముందు ఆ క్రియకు జవాబు చెప్పడం, కలల వంటివాటిని విడమరిచి చెప్పడం అనే అర్థాలున్నాయి. నటుడికి ఆ పేరు వీటిలో దేనివల్ల వచ్చిందో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ పేరులో అప్పటికి నింద లేదు. వక్తకు మొదట కావలసినదేమిటని డెమోస్తెనీస్‌ను అడిగితే 'హుపోక్రిసిస్' అన్నాడట. రెండోది? అదే. మూడోది? అదే. చెప్పే తీరు, అభినయం అని అతని భావం. తర్వాత యూదుల గ్రీకు గ్రంథాలలోనూ, క్రైస్తవ సువార్తలలోనూ ఆ మాట పైకి భక్తి చూపే కపటులకు అంటుకుంది. నటుడు పోయి కపటి మిగిలాడు.

ఇక్కడ మన సంగతి చూడండి. మత్తయి సువార్తలో ఆ గ్రీకు మాట ఉన్నచోట తెలుగు బైబిలులో ఉన్న మాట 'వేషధారి'. అనువదించినవారు ఎంత ఆలోచించారో తెలియదు గాని, గ్రీకులో ఆ మాట నడిచిన దారి అంతా ఆ ఒక్క తెలుగు మాటలో ఉంది. వేషం ధరించేవాడు అని మొదట, మోసగాడు అని తర్వాత. మా బడిలోని ఆ పిల్లవాడి తండ్రి అక్షరాలా వేషధారి, అదే అతని వృత్తి, అదే అతని పొట్టకూడు.

ఒకసారి కన్ను పడ్డాక ఇక ఎక్కడ చూసినా అదే. నాటకాలాడకు. వేషాలెయ్యకు. డ్రామా చెయ్యకు. మా పిల్లల 'ఓవరాక్షన్' సరేసరి. డోంగ్లి వైపు మరాఠీ ఇళ్ళలో దొంగ ఏడుపు ఏడ్చే పిల్లను 'సోంగ్' చేస్తున్నదంటారు. సోంగ్ అంటే వేషమే, తమాషాలో నవ్వించే పాత్రధారి సోంగాడ్యా. 'తమాషా' కూడా ఏ గతి పట్టిందో తెలుసు. అన్నిటికన్న నన్ను బాధపెట్టినది 'భాగోతం'. భాగవతం ఆడేవారి నోట అది భాగోతమైంది. తెలంగాణ పల్లెల్లో చిందువారు రాత్రంతా ఆడిన ఆట అది. మా నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ గారు పేరు తెచ్చినది ఆ ఆటకే. ఇవాళ పత్రికలో "అధికారి భాగోతం" అని శీర్షిక కనబడితే లోపల ఏముంటుందో చదవనక్కరలేదు. పోతన గారి గ్రంథం పేరు లంచాల వార్తకు శీర్షిక అయిందే అని ఎవరికీ పట్టదు.

ఇందులో ఒక విశేషం ఉంది, దాన్ని నేను ఊరకే వదలలేను. 'అభినయం' చెడలేదు. అభి అంటే వైపుకు, నీ ధాతువుకు కొనిపోవడం. భావాన్ని చూసేవారి దగ్గరకు చేర్చడం. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాట్యశాస్త్రం నాలుగు విధాలు చెప్పింది. పండితుల నోట ఉన్న మాట పదిలంగా ఉంది, గింజలకోసం ఆడినవారి నోట ఉన్న మాటలు తిట్లయ్యాయి. ఇది కేవలం భాషాశాస్త్ర విషయమని నేను అనుకోను.

నటుడంటే భయం పాతదే. ప్లూటార్కు చెప్పిన కథ ఒకటి ఉంది. ముసలి సోలోను, థెస్పిస్ ఆట చూసి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడటానికి సిగ్గులేదా అన్నాడు. ఆటలో తప్పేమిటన్నాడు థెస్పిస్. సోలోను చేతికర్రతో నేలను కొట్టి, ఈ ఆటను మెచ్చుకుంటూ పోతే రేపు మన ఒప్పందపత్రాలలో కూడా ఇదే కనబడుతుందన్నాడట. మన మనువు ఇంకొక అడుగు వేశాడు. సాక్ష్యానికి పనికిరానివారి పట్టికలో కుశీలవుణ్ణి, అంటే నటుణ్ణి, చేర్చాడు. పాణిని నటసూత్రాలను పేర్కొన్న దేశమే ఇది! ఆ 'కుశీలవ' శబ్దాన్ని రామాయణం గానం చేసిన కుశలవులతో ముడిపెట్టినవారున్నారు, 'కు-శీలం' అంటే చెడునడత అని విరిచినవారూ ఉన్నారు. రెండో వ్యుత్పత్తి వ్యాకరణం కన్న కచ్చతో పుట్టినదని నా అభిప్రాయం.

మేనకోడలి కాగితంలో చివరి మాట దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాను. నేటి గ్రీసులో నటుణ్ణి ఏమంటారు? 'ఇపోక్రితిస్' తిట్టయింది కనుక సామాన్యంగా వాడే మాట 'ఇథోపియోస్'. 'ఏథోస్'కు 'చేయు' అన్న క్రియ చేరి ఏర్పడిన మాట. ఏథోస్ అంటే శీలం, నడత. హోమరు కాలంలో దాని బహువచనం పశువులు మరిగిన చోటు, గుర్రాలు తిరిగే పచ్చిక అన్న అర్థంలో ఉంది. మరిగిన చోటు నుంచి అలవాటు, అలవాటు నుంచి శీలం. కాబట్టి గ్రీకు నటుడు శీలాన్ని రూపుకట్టేవాడు. మనవాళ్ళు ఏ శీలం లేదని నటుణ్ణి కోర్టు మెట్లెక్కనివ్వలేదో, గ్రీకులు ఆ శీలాన్నే అతని పేరులో పెట్టారు.

మన నడత మాత్రం పచ్చికలో నిలవలేదు, నడుస్తోంది. నడచు నుంచి నడక, నడత, నడవడి. కన్నడంలో నడతె. ఉర్దూ చాల్‌చలన్‌లోనూ ఉన్నది నడకే. చరిత్రం చర ధాతువు, అదీ కదలడమే. ప్రవర్తన, మరాఠీ వర్తణూక, రెండూ తిరగడమన్న అర్థమున్న వృత్ ధాతువు. ఆ సరిహద్దు ఊళ్ళలో వినబడే నాలుగు భాషలూ మనిషి గుణాన్ని అతని కాళ్ళలో చూశాయి.

ఇది నాకు నిఘంటువు చెప్పకముందే ఒకరు చెప్పారు. ఆ కుటుంబం ఊరు విడిచేనాడు తండ్రి టి.సి. కోసం వచ్చాడు. ఎంత కడుక్కున్నా చెవుల వెనుక నీలిరంగు మిగిలే ఉంది. పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. 'నడవడి' అన్న గడి వద్ద నా కలం కాసేపు ఆగింది. అందరికీ రాసే మాటే, "సంతృప్తికరం" అని రాశాను. జ్వరం నాటి సంగతి తండ్రికి తెలుసో లేదో నేను అడగలేదు, క్షమించమని పిల్లవాడితోనూ అనలేదు. అనాలని తోచింది, పండితుణ్ణి కదా, నోరు రాలేదు.

"ఏం రాసిన్రు సార్?" అని అడిగితే చదివి వినిపించాను.

"నడవడి అంటే నడుచుడేనా సార్?"

ఔనని నేను అనేలోపే అతను నవ్వి, "గట్లయితే మేం మస్తు నడుస్తం" అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వేషాల మూటలో అట్టకిరీటం కింద దాచుకున్నాడు. సాయంత్రానికి దెగ్లూరు బాట పట్టారని మర్నాడు పిల్లలు చెప్పారు.