గంజి దగ్గర మొదలైన చదువు

తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్లేవాళ్లలో చాలామందికి జాతీయ పోషకాహార సంస్థ గేటు తెలుసు. లోపల ఏం చేస్తారని అడిగితే మాత్రం ‘ఏవో పరిశోధనలు’ అని ఊరుకుంటారు. అక్కడి మ్యూజియం చూసే పని మీద వెళ్లిన నేను, అప్పుడే వచ్చిన బడిపిల్లల వెంట పడ్డాను.

చూపిస్తున్న ఉద్యోగిని బల్ల మీద చెంచాడు ఉప్పు పోసి మొదలుపెట్టారు. ‘‘ఇది ఐదు గ్రాములు. రోజు మొత్తానికి ఒక మనిషి ఇంతకు మించి తినకూడదు.’’ వెనక నుంచి ఒక అమ్మాయి, ‘‘మేడమ్, ఆవకాయలో ఉప్పు కూడా లెక్కేనా?’’ అంది. ‘‘లెక్కే తల్లీ. అప్పడంలోదీ, చిప్స్ ప్యాకెట్లోదీ అన్నీ లెక్కే.’’ పిల్లలు మళ్లీ ఆ చెంచా వైపు చూశారు.

తర్వాత పళ్లెం. 2024లో ఈ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీల రోజు భోజనంలో బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు. ఆ లెక్క విన్నాక ఒక పిల్లవాడు, ‘‘అంటే అన్నం కంటే కూర ఎక్కువా?’’ అన్నాడు. ఇవి వండకముందు తూకాలని, బియ్యం ఉడికితే నీళ్లు పీల్చి బరువు పెరుగుతుందని ఆవిడ విడమర్చి చెప్పారు. అయినా వాడి ఆశ్చర్యం పోలేదు, పోకూడదు కూడా. మన ఇళ్లలో అన్నం గుట్టగా పోసుకుని, కూర నంజుకోవడానికన్నట్టు పక్కన వేసుకుంటాం. పప్పు నీళ్లలా ఉన్నా సర్దుకుంటాం. మార్గదర్శకాల్లోని పదిహేడు సూత్రాలూ వల్లించినా తగలని దెబ్బ ఆ ఒక్క ప్రశ్నతో తగిలింది.

ఈ సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక గదిలో, డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, కొందరికి ఒళ్లు వాచి గుండె ఆగిపోయే జబ్బు అది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది పాతుకుపోయింది ఎక్కడో కాదు, మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే. సర్కారు జిల్లాల వాళ్లు మరపట్టిన పచ్చి బియ్యం వండుకునేవాళ్లు. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది తమిళ జిల్లాల జోలికి ఆ జబ్బు అంతగా పోలేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది, మరపట్టినా పూర్తిగా పోదు. పచ్చి బియ్యంలో అయితే తవుడుతోనే పోతుంది. మిగిలిన కాస్తా పదేపదే కడిగిన నీళ్లతో, వార్చిన గంజితో వెళ్లిపోతుంది. తెల్లటి అన్నం మీద మోజుకు తెలుగువాళ్లు ప్రాణాలతో మూల్యం చెల్లించిన చరిత్ర ఇది. బళ్లో మాకెవరూ చెప్పలేదు.

సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇక్కడికి రాగానే ఎదురైన జబ్బు పెల్లాగ్రా. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. జొన్నలే తిండిగా బతికే దక్కన్ పేదల్లో ఎందుకొస్తోందని వెతికి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని ఈ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. జొన్నని తిట్టడానికి కాదు ఇది చెప్పేది. పప్పు, పాలు, మాంసం అందక, గింజ ఒక్కటే కడుపు నింపుకోవడానికి మిగిలిన బీదరికమే అసలు జబ్బు.

రేచీకటి సంగతి పిల్లలకి చప్పున ఎక్కింది. పొద్దుగూకితే చూపు ఆనని ఆ జబ్బు రాకుండా చిన్నపిల్లలకు విటమిన్ ఎ మందు ఆరునెలలకోసారి పోసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. దాని వెనక ఈ సంస్థ పరిశోధన ఉంది. ‘‘మందు సరే, మునగాకు, తోటకూర ఎందుకు తినాలో కూడా చెప్పండి మేడమ్’’ అన్నారు పిల్లలతో వచ్చిన టీచరమ్మ. తాలింపులో కాస్త నూనె పడితేనే ఆకుకూరలో విటమిన్ ఎ ఇచ్చే పదార్థం ఒంటికి పడుతుందని, ఆకుని కడిగి తరగాలే గానీ తరిగి కడగకూడదని ఆవిడ ఆకు పట్టుకున్నట్టు చేతులతో చేసి చూపించారు. పిల్లలు రాసుకున్నారు.

528 రకాల ఆహార పదార్థాల్లో ఏముందో కొలిచి 2017లో పట్టికలు అచ్చువేసిన సంస్థ ఇది. ఆ అంకెలు వంటింటి దాకా చేరేది ఇలాంటి ఉద్యోగుల నోటి మీదుగానే. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకి దక్కే గౌరవం వీళ్లకీ దక్కాలి. పొద్దుట్నుంచి నిలబడే మాట్లాడుతున్న ఆవిడ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

నాకొకటే కోరిక. పిల్లలతో పాటు వాళ్ల బళ్లలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలూ ఇక్కడికి రావాలి. రానుపోను ఛార్జీలు, ఆ రోజు కూలీ ఇచ్చి మరీ ప్రభుత్వం వాళ్లని తీసుకురావాలి. వందమంది పిల్లల బియ్యం ఎన్ని నీళ్లు పోసి కడగాలో, గంజి పారబోయాలో వద్దో రోజూ తేల్చేది వాళ్లే.