బాపూఘాట్ నుంచి తొలి బస్సు దాకా

రాత్రి పదకొండు దాటింది. లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర రెండు బండ్లు ఆపుకుని నలుగురం నిలబడ్డాం. పరిచయమై పది రోజులు. అమీర్‌పేటలో ఒకే కోచింగ్, పక్కపక్క బెంచీలు, ఇంకా ‘మీరు’ దాటని పలకరింపులు. తెల్లవారుజామున నాలుగున్నరకి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో మా దాచేపల్లి వైపు బస్సెక్కాలి నేను. “ఇప్పుడు పడుకుంటే లేవలేరు భయ్యా. మూసీ పట్టుకుని పోదాం, సీదా బస్టాండ్‌కే తీస్కపోతది” అన్నాడు పాతబస్తీ మిత్రుడు. దారి చెప్పడానికి హైదరాబాద్‌లో నదిని వాడుకున్న మనిషిని అతన్నే చూశాను.

మూసీలో ఈసీ వచ్చి కలిసే చోటది. 1948లో గాంధీ అస్థికలు కలిపిందీ ఇక్కడే. చీకట్లో నీళ్లు కనపడవు, వాసన కనపడుతుంది. “మా అనంతగిరి కొండల్ల సూడాలె దీన్ని” అని వికారాబాద్ అబ్బాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, పుట్టింటి పిల్లని ఎవరో మాటన్నట్టు. ఇతను రాత్రంతా మాట్లాడింది అంతే. మిగతా టైమంతా నా వెనక సీటు మీద కునికిపాట్లు.

అత్తాపూర్ మీదుగా పురానాపూల్ చేరేసరికి పన్నెండున్నర. పగలు దాని మీద కూరగాయల బేరాలు, రాత్రి ఖాళీ బుట్టలు, కుక్కలు. 22 కమానుల ఈ వంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించింది. చార్మినార్ పుట్టింది 1591లో, అంటే వంతెన ఊరి కన్నా పదమూడేళ్లు పెద్దది. కొడుకు కులీ, భాగమతి కోసం ఏటికి అడ్డంపడి పోతుంటే తండ్రి భయపడి కట్టించాడని కథ. మా పాతబస్తీవాడు ఆ కథని అచ్చం చూసొచ్చినట్టు చెప్పాడు. 1578 నాటికి కులీకి పన్నెండో పదమూడో, ఆ వయసులో గుర్రమెక్కి ప్రేమకోసం ఏరు దాటాడా అని నేను లెక్క తీశాను. “నీకు దిల్ లేదు, క్యాలిక్యులేటర్ ఉంది” అన్నాడు. ‘మీరు’ అక్కడ పోయింది. గోల్కొండ నుంచి అవతలి ఒడ్డుకి సరుకు దాటాలంటే వంతెన కావాలి, ఆ కారణం చాలదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి అతని కథే బాగుంది.

నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్. ఇరానీ హోటల్ షట్టరు సగం దించి ఉంది. అందులోంచి వంగి దూరి నాలుగు చాయ్, ఓ ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చుకున్నాం. ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు. 2020 జులై వానలకి వార్డుల్లోకి నీళ్లొచ్చాక ఆ పాత భవనానికి తాళం పడింది. బయట ఫుట్‌పాత్ మీద రోగుల తాలూకు మనుషులు, టవల్ పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని. మేం మాటల గొంతు తగ్గించాం.

ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మందికి పైగా బతికారు. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ నీటిలో తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకుని, తానొక్కడే మిగిలాడు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన సలహాతో 1920లో మూసీ మీద గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదని ఆపడానికి కట్టిన నీళ్లే నగరం తాగింది. కింద మిగిలిన ఏట్లోకి నగరం తన మురుగు వదిలింది. చెట్టుకి ఇచ్చిన మర్యాదలో నాలుగోవంతు ఏటికి ఇచ్చి ఉంటే బాగుండేది.

“కంపు కంపు అంటరు గని, మా ఇంట్ల బువ్వ గీ నీళ్లదే” అన్నాడు అప్పటిదాకా బిస్కెట్లు నములుతున్న వలిగొండ మిత్రుడు. వాళ్ల మండలంలో భీమలింగం కత్వ ఉంది, ఏటికి అడ్డంగా కట్టిన రాతికట్ట. ఆ కాలవ కిందే వాళ్ల వరి. ఎండాకాలం చుట్టుపక్కల బోర్లెండినా వీళ్ల మడి ఎండదు, హైదరాబాద్ స్నానాలు మానదు కదా. “తాగనీకి మాత్రం క్యాన్ నీళ్లు కొంటం” అని కూడా అన్నాడు. అందరం నవ్వాం, వెంటనే ఆపేశాం.

మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మూసీ నడుమే ఉంది, ఇమ్లీబన్ అనే లంకలో. ఇమ్లీబన్ అంటే చింతతోపు. 2025 సెప్టెంబరు చివర్లో పై రిజర్వాయర్ల గేట్లెత్తితే ఈ ప్లాట్‌ఫారాల మీదికే ఏరొచ్చింది, ప్రయాణికుల్ని బయటికి తేవలసి వచ్చింది. ఆ రాత్రి మాత్రం పొడిగా, చలిగా ఉంది. నాలుగున్నర బస్సు నాలుగూ యాభైకి కదిలింది. “పోయినంక ఫోన్ చెయ్‌రా” అని ముగ్గురూ కిటికీ తట్టారు. నన్ను సొంత వాళ్లు కాకుండా ‘రా’ అనడం ఈ ఊళ్లో అదే మొదలు.

చాదర్‌ఘాట్‌లో బస్సు మూసీని దాటి మలక్‌పేట వైపు మళ్లింది. ఏరు మాత్రం అంబర్‌పేట, నాగోలు మీదుగా వలిగొండకి తన దారిన పోతుంది. అనంతగిరి నుంచి సుమారు 240 కిలోమీటర్లు నడిచి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది. కృష్ణకి ఇవతలి గట్టు మాది. 2016 పుష్కరాల్లో మా నాయనమ్మ నన్ను అటు వాడపల్లికే తీసుకెళ్లి, సంగమం పుణ్యమని మూడు మునకలు వేయించింది. ఎవరి నీళ్లలో మునిగానో అప్పుడు అడగలేదు.

ఎనిమిదిన్నరకి బస్సు వాడపల్లి వంతెన ఎక్కింది. కిటికీ జరిపి చూశాను. ఏది మూసీయో ఏది కృష్ణో పైనుంచి తెలియలేదు. పొందుగల వైపు రేవులో ఇద్దరు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు.