మా ఇంటి గడప

తెలుగువాళ్ళం ఇళ్ళను గడపలతో లెక్కపెడతాం. ఆ ఊళ్ళో ఎన్నిళ్ళున్నాయని అడిగితే, "నూరు గడప ఉంటుంది" అంటారు పెద్దవాళ్ళు. గోడలూ, కప్పూ ఆ లెక్కలోకి రావు. తిరుమల యాత్రకు గడపలాంటిది కనుకనే కడపకు ఆ పేరు వచ్చిందని కూడా చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లలకు నేను చెబుతున్న సంగతులే ఇవి. పోయిన ఏడు ఒక గడప మా ఇంటికే వచ్చి, మా అందరికీ పాఠం చెప్పింది.

మాది రాజమండ్రిలో పాత పెంకుటిల్లు. సున్నంతో కట్టిన గోడలు, ముందు వసారా. వీధి తలుపు చెదపట్టి, ఒక రెక్క ఊడి చేతికొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కోనసీమలో ఉన్న అత్తయ్యగారి పుట్టిల్లు అమ్ముడుపోయింది. కొన్నవారు దాన్ని పడగొట్టించారు. కలపంతా ఒక అడితికి చేరింది. మావారు వెళ్ళేసరికి దూలాలు ఎప్పుడో వెళ్ళిపోయాయిట. వీధి తలుపొక్కటే గోడకు జేరేసి ఉందిట. వెల విని, ఆ డబ్బుకు కొత్త తలుపులు రెండు వస్తాయన్నాను.

"మా అమ్మ పెళ్ళికూతురై దాటి వచ్చిన గుమ్మం" అన్నారు మావారు.

ఆ మాట విన్నాక ఇంక బేరమేమిటి!

బర్మా టేకు తలుపది. ఒక్కొక్క రెక్క ముప్ఫై కిలోల పైమాటే. దానికి ఇనుప బందులు లేవు. రెక్క అంచున కిందా పైనా కొయ్యబొడిపెలు ఉంటాయి. గడపలోనూ, పైకమ్మిలోనూ తొలిచిన గుంటల్లో అవి తిరుగుతాయి. మధ్య పలకలను జిగురుతో అతికించలేదు, మేకులతో కొట్టలేదు. చట్రంలోని గాడిలో వదులుగా కూర్చోబెట్టారు. వానాకాలపు చెమ్మకు కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. చోటిస్తే కదిలి ఊరుకుంటుంది, బిగించేస్తే పగులుతుంది. "కొయ్యకి చోటిచ్చారండీ పెద్దలు" అని మురిసిపోయాడు మా వడ్రంగి మేస్త్రి.

పైన పేరుకున్న పచ్చరంగు పొరలు గీకడమే ఒక యజ్ఞమయింది. పాత రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని తలుపును పెరట్లో పెట్టించి, తడుపుతూ గీకించాం. పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వలేదు.

అసలు చిక్కు గడపతో వచ్చింది. దాని ఎత్తు ఐదంగుళాలు. అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. అంతకుముందే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది; వాకరు పట్టుకుని నడుస్తారు. ఇంట్లో గడపలన్నీ తీయించమని డాక్టరు చెబితే లోపలి గదులవి తీయించేశాం కూడా. ఇప్పుడు వీధిగుమ్మానికి ఐదంగుళాల గడపా! వాలుబల్ల వేద్దామంటే, అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల పొడుగు కావాలి. అంటే లోపల ఐదడుగులు, బయట ఐదడుగులు. మా హాలు మొత్తం పదడుగులే. పోనీ, గడప కోసేద్దామంటే, అది లేందే ఆ తలుపు నిలబడదు.

"ఆవిడ కోసం తెచ్చిన తలుపు ఆవిడనే ఇంట్లో పెట్టి మూసేస్తుందండీ. నేనొప్పుకోను" అన్నాను. మావారు మాట్లాడలేదు. పది రోజులు ఆ తలుపు హాల్లో గోడకు ఆనుకుని ఉండిపోయింది. అత్తయ్యగారు అటు వెళ్ళినప్పుడల్లా వాకరు ఆపి, రెక్కమీద అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడేవారు. అది చూస్తూ నా పంతం మీద నేను గట్టిగా ఉండటం కష్టమే అయింది.

చివరికి ఆవిడే అన్నారు: "గడపను నేలలోకి దింపించండి."

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. "నేలలో దింపితే చెమ్మండీ, చెదండీ. పైగా లక్ష్మీదేవి ఉండే చోటు, తొక్కుతారేటండీ?" మావారికీ అదే సందేహం.

"గడప ఉన్నది దాటడానికిరా అబ్బాయ్! దాటలేకపోతే నాకది గోడే" అన్నారు అత్తయ్యగారు.

ఎమ్మే చదివిన నాకు గాని, నలభై ఏళ్ళుగా తలుపులు చేస్తున్న మేస్త్రికి గాని ఆ మాటకు బదులు దొరకలేదు.

మర్నాడే పని మొదలయింది. గుమ్మం దగ్గర నేల తవ్వి, అడుగున నాపరాళ్ళు పరిచారు. గడప కిందా పక్కలా తారు పూసి, పైతలం గచ్చుతో సమంగా ఉండేటట్టు దింపారు. రెక్కలు ఆ పైతలానికి కాస్త ఎత్తున తిరిగేవి కనుక అడ్డేమీ రాలేదు. ద్వారబంధం చుట్టూ సిమెంటు వాడనివ్వలేదు, సున్నమే పెట్టించాం. సిమెంటు పాత ఇటుకలోని చెమ్మను బయటికి పోనివ్వదు. వాననీళ్ళు లోపలికి రాకుండా వసారా గచ్చును వీధివైపు కాస్త వాల్చారు. పాత గుమ్మం ఎత్తు ఎక్కువ కనుక పైన మిగిలిన జానెడు ఖాళీకి ఇనుపచువ్వలు పెట్టించాం; గాలి వస్తుంది.

తలుపు నిలబెట్టిన సాయంత్రం అత్తయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వసారాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యాక ఒంటరిగా బయటికి రావడం ఆవిడకు అదే మొదలు. వీధిలో పోతున్న కూరలమ్మిని పిలిచి, గంటసేపు బేరం చేసి, ఏమీ కొనకుండా పంపించేశారు!

శుక్రవారం గడపకు పసుపు రాయబోతూ ఆగాను. నడిచే చోట ఎలా రాయడం?

"రెండు కొసలా రాయి అమ్మాయ్, మధ్యలో మనుషుల్ని నడవనీ" అన్నారు అత్తయ్యగారు.

అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. కొసలకు పసుపూ, కుంకుమ బొట్లూ. నడుమ వాకరుకు దారి.