మా అవ్వ నవ్వని ఆట

పోయిన గోడపత్రికలో అందరూ సెలవుల గురించి రాశారు. నేను 2022 ఎండాకాలంలో చూసిన ఒక ఆట గురించి రాస్తున్నాను.

మా మామ మదురై దగ్గర ఇటుకల బట్టీలో పని చేస్తాడు. ఆ సెలవులకి అవ్వా నేనూ పోయినాము. ఆ ఊర్లో మారియమ్మ జాతర. రాత్రి కరగాట్టం పెట్టారు. దాని మేళాన్ని నైయాండి మేళం అంటారు. నైయాండి అంటే తమిళంలో ఎగతాళి. రెండు నాదస్వరాలు, రెండు తవిల్ డోళ్లు, పంబ, తాళం, ఇంకా తముక్కు. తముక్కు అంటే మన టముకే గదా అనుకున్నా. డోలు వాళ్లు ఒకచోట నిలబడరు. వాయిస్తూనే ఎగురుతారు, ఒకరి మీదికొకరు పోతారు. మన పీటీ సారు చూస్తే లైన్లో నిలబెడతారు. కానీ దెబ్బ ఒక్కటీ తప్పదు.

ఆడే ఆమె నెత్తి మీద పూల చెంబు, దాని కొనన చిలక బొమ్మ. ఆమె వెనకాల కోమాళి. మొహానికి తెల్ల రంగు, మొన టోపీ, గుడ్డ పీలికలు కుట్టిన చొక్కా. ఆమె లాగా ఆడబోయి పడతాడు. డోలు 'ఢం' అంటే నడుము విరిగినట్టు వంగుతాడు. ముందు కుర్చీలో కూర్చున్న ఊరి పెద్దాయన తువ్వాలు లాక్కొని, భుజాన వేసుకొని, అచ్చం ఆయన లాగే నడిచాడు. ఆయన కూడా నవ్వాడు. నాకైతే కడుపు నొప్పి వచ్చింది.

తర్వాత కురవన్, కురత్తి వేషాలు వచ్చాయి. మెడ నిండా పూసలు, చంకలో బుట్ట. వాళ్లు ఆడిన మాటలు ఇక్కడ రాస్తే వార్డెన్ సారు కాగితం చింపేస్తారు. జనం ఒకటే ఈలలు. నాకు సగమే అర్థమైంది, అయినా నవ్వాను. పక్కకి చూస్తే అవ్వ నవ్వడం లేదు. కురవలంటే మా ఎరుకలోళ్లకి దగ్గరి వాళ్లు. మా ఇంట్లో మాట్లాడేది కుర్రు భాష, అది తమిళం లాగానే ఉంటుంది. అందుకే అవ్వకి ప్రతి మాటా అర్థమైంది.

"ఆ పూసలు మనవే, ఆ బుట్టా మనదే. ఆ మాటలు మాత్రం మనవి కాదురా" అని లేచింది. మధ్యలో లేపిందని నాకు కోపం. దారంతా మాట్లాడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

2023 జనవరిలో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ కురవన్ కురత్తి ఆటను నిషేధించమని చెప్పింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం నిషేధించింది. మామ ఫోన్లో చెప్పాడు. అవ్వకి చెబితే, "కోమాళిని ఆపలేదు గదా?" అని అడిగింది. లేదవ్వా అన్నాను. "ఆ పిల్లోడు బాగా ఆడినాడు" అంది. కోమాళిని చూసి అవ్వ కూడా నవ్విందని నాకు అప్పుడే తెలిసింది.

పోయిన వార్షికోత్సవంలో నాతో ఎరుకలసాని వేషం వేయించారు. నాకైతే వేషం అక్కర్లేదని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. ఆ గ్లాసు ఇంకా నా పెట్టెలోనే ఉంది, ఇంటికి తీసుకుపోలేదు.

ఈసారి కూడా నా పేరు అదే వేషానికి రాశారు. దయచేసి కొట్టేయండి. నేను కోమాళి వేస్తాను. పీలికలు దొరికాయి, టోపీకి చార్టు కావాలి. ఎనిమిదో తరగతిలో డప్పు బాగా కొట్టే తమ్ముళ్లు ఇద్దరున్నారు, ఆదివారం టిఫిన్ అయ్యాక చింతచెట్టు కిందికి రండి. వార్డెన్ సారు తువ్వాలు మాత్రం ముందే అడిగి తీసుకుంటాను.

– పదో తరగతి విద్యార్థి