వెనుక కూర్చుండి చూచిన ఊరు

మట్టెవాడలో పుట్టి, నలువది యేండ్లు దాటినను ఆ వాడ విడువని వానికి ఓరుగల్లు చూపింతునని యొకడు వచ్చినచో నవ్వు రాకుండునా? మాకును వచ్చినది. వచ్చినవాడు మా పూర్వశిష్యుడు. పదవ తరగతి ముగించి బడి విడిచి పదునాలుగేండ్లయినది. ఇంటింటికిని వండిన భోజనమును మోటారు సైకిలుపై మోసికొనిపోయి యిచ్చు పనిలో కొన్ని సంవత్సరములు గడపినాడు. ఇప్పుడు స్వంతముగా నొక వృత్తి నారంభింపదలచినాడట. పొరుగూరినుండి వచ్చిన అతిథులను, ఒక్కొక్కరినే, తన బండి వెనుక కూర్చుండబెట్టుకొని, సగము దినములో చూడదగిన చోట్లు చూపి, నడుమ నడుమ ఊరివారు తిను తిండ్లు తినిపించి, మరల బసయొద్ద దింపుట యా వృత్తి.

"సారూ, నేను చెప్పే చరిత్రల తప్పులుంటే దిద్దుండ్రి. మొదటి గిరాకి మీరే," అనెను.

ఈ యూహ యెక్కడిదని యడిగితిమి. వియత్నాము పట్టణములలో నిట్లు చేయుదురని చేతిలోని ఫోనున చూచినాడట. ఆ దేశమున మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. బాడుగకు మనిషిని వెనుక నెక్కించుకొనిపోవు బండికి వారు 'సే ఓమ్' అని పేరిడిరి. కౌగిలి బండి యని దాని యర్థము. సైగానులోను, హుయేలోను, హోయాన్‌లోను యువతీయువకులు అతిథిని వెనుక నెక్కించుకొని సందుగొందులు త్రిప్పుదురు. ఒకచోట బియ్యపు సేమ్యాలు వేసిన 'ఫో' యను వేడి చారు త్రావింతురు. వేరొకచోట, ఫ్రెంచివారు నేర్పిపోయిన రొట్టెను చీల్చి లోపల తమ కూరలు దూర్చిన 'బాన్ మీ' తినిపింతురు. హుయే 1802 మొదలు 1945 వరకు రాజధాని. మన ఓరుగంటివలెనే కోటగోడలు గల యూరు. హోయాన్‌కు కొంతదూరమున మీసన్ అను లోయలో చంపా దేశపు రాజు భద్రవర్మ శివుని భద్రేశ్వరుడను పేర నిలిపి సంస్కృతమున శాసనము వ్రాయించినాడు. ఈ సంగతిని మేము శిష్యునకు గొప్పగా చెప్పి, "ఆ గుడి శాసనము మాకు తెలియును గాని, ఆ గుడికి పోవు దారిలో జనులేమి తిందురో నీవు చెప్పువరకు తెలియకుండెను సుమా," అంటిమి.

"మరి మన ఊరి సంగతి ఎరుకనా సారూ?" అని యతడు మెల్లగా నడిగెను.

మేము ప్రత్యుత్తర మీయలేదు. మా యింట పెద్దల కాలమున బయటి తిండి నిషిద్ధము. కాలక్రమమున మడి వదలినది, మడిబట్ట చిరిగినది. బడిలో ప్రతి సంవత్సరము మేము 1906లో హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారిని గూర్చి యుపన్యసింతుము. రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినదని నల్లబల్లపై వ్రాయుదుము. అయినను మా నోటికి, మా కడుపునకు పాత యలవాట్లు పోలేదు. ఏ యూరికి పోయినను ఇంటి చిత్రాన్నపు డబ్బా చేత పట్టుకొనియే పోవుచుంటిమి. దీనిని శుచి యనుకొంటిమి.

ఆ వచ్చిన ఆదివారము ఉదయము ఆరు గంటలకు బండి మా వాకిట నిలిచినది. నలువది మంది బాలురను కనుసైగతో నిలుపు ఉపాధ్యాయునకు, ఒక శిష్యుని భుజము పట్టుకొని వెనుక కూర్చుండుట కొంత నామోషీగా తోచినది. మొదట సీటు వెనుకనున్న యినుప కడ్డీని పట్టుకొంటిమి. రహదారిపై తొలి మిట్ట వచ్చిన తోడనే 'సే ఓమ్' అను మాటకు అర్థము మాకు స్పష్టమైనది.

మొదట హనుమకొండకు పోయితిమి. వేయిస్తంభముల గుడిముందు నిలిచి యతడు "ఇది రాణి రుద్రమ కట్టించిన గుడి" యని పాఠము మొదలుపెట్టెను. ఇదిగో తప్పు దొరికినదని మాకు సంతోషము. ఆ గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించెననియు, రుద్రమదేవి యంతకు నూరేండ్ల తరువాత వచ్చినదనియు, శివ విష్ణు సూర్యులకు మూడు గర్భగుడులుండుటచే నిది త్రికూటాలయమనియు చెప్పితిమి. చాల యేండ్లు విప్పి పెట్టియున్న కల్యాణమండపము 2024లో మరల నిలిచిన సంగతి మాత్రము మాకంటె నతనికే బాగుగా తెలియును. రాతిని రాతిపై నెత్తుచుండగా చూచుటకు భోజనపు సంచులతో పోవుచు ఆగుచుండెడివాడట.

గుడి వెలుపల తోపుడుబండియొద్ద ఇడ్డెనలు తినవలెననెను. వీధిలో నిలుచుండి తినుట మాకదే ప్రథమము. ఎవరైన చూచెదరేమో యని అటునిటు చూచితిమి. చూచినవారు లేకపోలేదు, వారును తినుచుండిరి. పల్లీల పచ్చడి మా యింటి దానికంటె బాగున్నది. ఈ మాట మా యింటివారు చదువరని తలచి వ్రాయుచున్నాము.

అక్కడినుండి భద్రకాళి చెరువుకట్టమీదుగా వరంగల్లు చౌరస్తా చేరి యిరానీ చాయ త్రాగితిమి. పారసీక దేశమునుండి వలసవచ్చినవారు హైదరాబాదు రాజ్యమున నెలకొల్పిన హోటళ్ల మూలమున వచ్చినదీ పానీయము. పాలు వేరుగా మరిగించి చిక్కబరచి, డికాక్షను వేరుగా కాచి, త్రాగబోవు నిమిషమున రెంటిని కలుపుదురు. మా బల్లకడ ధాన్యపు బస్తాలు మోయు హమాలీ యొకడు, నల్లకోటు వేసికొన్న వకీలు ఒకడు కూర్చుండిరి. ముగ్గురి గ్లాసులును ఒక్క తొట్టిలోనే కడుగబడినవి. మా శిష్యుడు మా ముఖమును చూచుచుండెను. మేము గ్లాసును ఖాళీచేసితిమి.

అప్పుడు మాకు క్రీడాభిరామము జ్ఞప్తికి వచ్చినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమును అనుసరించి వినుకొండ వల్లభరాయడు తెలుగున రచించిన వీథినాటకమది. శ్రీనాథుని రచనయే యని వాదించిన పండితులును కలరు. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఒక దినమెల్ల ఓరుగంటి వీధులు తిరిగి చూచుటయే దాని కథ. పూటకూళ్ల యింట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి వదలలేదు: మేలిబియ్యపు టన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఊరు చూచుటకును ఊరి తిండి తినుటకును సంబంధము కలదని మనవారికి ఆరు వందల యేండ్ల క్రిందటనే తెలియును. ఆ పద్యములు మేము వల్లెవేసితిమి, విద్యార్థులకు అర్థము చెప్పితిమి; అయిననేమి, మా యూరి పూటకూళ్ల యింట ఒక్క ముద్ద తినలేదు.

కొత్తవాడలో మగ్గము చప్పుడు విని ఆగి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు నేయుట కొంతసేపు చూచి, ఖిలా వరంగల్లు చేరునప్పటికి ఎండ యెక్కినది. ఓరుగంటి కోటకు వెలుపల మట్టి ప్రాకారము, లోపల సున్నము లేకయే పేర్చిన రాతి ప్రాకారము కలవు. ఈ నడుమ నేటికిని జనులు కాపురమున్నారు, పొలములు పండుచున్నవి. స్వయంభూదేవుని యాలయము కూలిపోయినను, దాని నాలుగు దిక్కుల కీర్తితోరణములు నిలిచియున్నవి. 1323లో ప్రతాపరుద్రుడు ఓడి చెరపట్టబడిన పిదప రాజ్యము పోయినది, తోరణము మిగిలినది. అదియే 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నమున కెక్కినది. ఈ పాఠము మేము ఇరువది యేండ్లుగా చెప్పుచున్నదే. శిష్యుడు శ్రద్ధగా విని, మట్టికోట వైపు చేయి చూపి యడిగెను:

"ఇంత మన్ను మోసినోళ్ల పేర్లు శాసనాలల్ల ఉంటయా సారూ?"

ఉండవంటిమి. కాని యొక్కటి చెప్పగలిగితిమి. రుద్రమదేవి మరణవార్తను మనకు తెలిపిన చందుపట్ల శాసనము, 1289 నాటిది, చక్రవర్తి వేయించినది కాదు. పువ్వుల ముమ్మడి యను బంటు వేయించినది. అతడు రాయి నిలుపకున్నచో రాణి యెప్పుడు పోయినదో మనకు తెలియకుండెడిది. శిష్యుడు చిన్న పుస్తకము తీసి ఆ పేరు వ్రాసికొనెను. "ఇది చెప్పుత సారూ, వచ్చినోళ్లకు," అనెను.

"ఇగ ఆఖరిది మా ఇంట్ల," అని బండి త్రిప్పెను.

ఆ యింటికి మేము పూర్వ మొకమారు పోయియుంటిమి. ఇతడు ఏడవ తరగతి చదువుచుండగా, తండ్రి పోయిన పిదప తల్లి చదువు మాన్పించునేమో యని భయపడి, మాన్పవద్దని చెప్పుటకు పోయితిమి. ఆమె మాన్పననెను. సంతోషముతో లోపలికి పోయి పళ్లెములో వేడి సర్వప్ప తెచ్చి మా ముందుంచెను. "ఈ దినము మాకు ఉపవాసము," అని చెప్పి లేచి వచ్చితిమి. బాలుడు గడపయొద్ద నిలిచి వినెను. మధ్యాహ్నము సుద్దముక్కల పెట్టె నిచ్చుటకు ఉపాధ్యాయుల గదికి వచ్చి, డబ్బా విప్పి పెరుగన్నము తినుచున్న మమ్ము చూచెను. పెట్టె బల్లపై నుంచి, ఏమియు అనక వెడలిపోయెను. పిమ్మట నాలుగు దినములు బడికి రాలేదు. జ్వరమేమో యనుకొంటిమి. అట్లనుకొనుట మాకు సుఖముగా నుండెను.

ఈ దినము ఆ తల్లి జుట్టు నెరసినది. గోడ ప్రక్కన పొయ్యిమీద గంజు ఉన్నది. వరిపిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, వెల్లుల్లి, కొత్తిమీర, కారము, ఉప్పు కలిపి, ఆ పిండిని గంజు లోపలి గోడలకు అరచేతితో పలుచగా అద్దినది. వ్రేలితో నక్కడక్కడ రంధ్రములు పొడిచి వానిలో చుక్కచుక్కగా నూనె పోసినది. రంధ్రములు లేనిచో నూనె అడుగునకు దిగదు, అప్ప గంజును వదలదు. మూతపెట్టి సన్నని మంటపై విడిచినది. ఒక గంజు దిగినవెంటనే రెండవది వేయుటకు వీలులేదు, చల్లారవలెను. అందుచేత ఇంట నిద్దరు తినవలెనన్న ఒకరు వేచియుండవలసినదే.

పళ్లెము మా ముందునకు వచ్చినది. తినుటకు ముందే చెప్పవలెనని తోచినది. "అమ్మా, ఆనాడు మాకు ఉపవాసము లేదు," అంటిమి.

"ఎరుకే సారు. పిలగాడు ఆ దినమే చెప్పిండు," అని ఆమె పొయ్యివైపు చూచుచునే అనెను. "బడికి పోనని మొండికేసిండు. సారు మన ఇంట్ల తినకుంటే ఏమాయె, నీకు చదువు చెప్తుండు గద అని నేనే కొట్టి తోలిన. తినుండ్రి, సల్లారితే గట్టిగైతది."

శిష్యుడు వెలుపల బండిని తుడుచుచుండెను. ఇతని చదువు నిలిపినది మా బుద్ధివాదమని యిన్నేండ్లు మేము లోలోన గర్వించుచుంటిమి. మా వలన తెగబోయిన దానిని ఆమె పట్టి నిలిపినది. మేము తింటిమి. అంచు కరకరలాడినది, నడుమ మెత్తగా నున్నది. రెండవ గంజు చల్లారువరకు కూర్చుండి మరల తింటిమి.

చదువరులారా, మన సంస్కరణమంతయు నాలుకమీద మాటగానే యుండి, అదే నాలుకమీదికి పొరుగువాని ముద్ద రానంతకాలము, మన పిల్లలు మన యుపన్యాసములను గాక మన డబ్బాలను చూచి నేర్చుకొందురు. మీ యూరికి అతిథి వచ్చినచో గుడి చూపుడు, కోట చూపుడు. కాని దారిలో నెవరి యింటనైన కూర్చుండి తినుడు. ముందుగా మీరే మీ యూరికి అతిథులై యొక దినము తిరుగుడు.

మట్టెవాడలో దిగి బాడుగ ఇచ్చితిమి. శిష్యుడు వలదనలేదు. లెక్కపెట్టి జేబులో నుంచి, చిల్లర తిరిగి ఇచ్చి, పుస్తకములో మొదటి గిరాకి యని వ్రాసికొనెను. "అమ్మగారిని, పిల్లలను గూడ పంపుండ్రి. ఒక్కొక్కలనే తీసుకపోత," అనెను.

ఇంట మా తల్లి మధ్యాహ్నపు టన్నము వడ్డించి కూర్చున్నది. ఆకలి లేదంటిమి. ఎక్కడ తింటివని యడిగినది. ఈమారు ఉపవాసమనలేదు, ఎవరి యింట తింటిమో, ఏమి తింటిమో చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. విస్తరి తీసివేసి, చేతులు కడుగుకొని వచ్చి, చివర కొక్క మాట యడిగినది:

"వెల్లుల్లి వేయకుండ చేయదా?"

కనుగొని చెప్పెదమంటిమి.