గాజుపలక

చార్మినారుకు పడమట లాడ్‌బజారు ఉన్నది. లక్కగాజులకు పేరుపొందిన ఆ వీధిలో, దుకాణపు అరుగుమీద తండ్రి సెల్‌ఫోనుతో ఆడుకొనే నాలుగేండ్ల పసివాడు కనిపించడం నేడు వింత కాదు. అక్షరం రాకముందే అతని వేలికి తెర పరిచయమైనది. పూర్వపు పలక, బాలుడు ఎట్లా గీసినా స్వీకరించేది. ఈ గాజుపలకకు అంతటి ఓర్పు లేదు.

చిన్న వేళ్లకు చిన్న గుర్తులు చాలునని పెద్దల ఊహ. నిజం అందుకు విరుద్ధం. వేలు చిన్నదే, కాని దానిపై అదుపు ఇంకా కుదరదు, గురి తప్పుతుంది. తాకవలసిన గుర్తు దాదాపు 9 మిల్లీమీటర్లకు తగ్గరాదని ఆండ్రాయిడ్ రూపకర్తలకు సూచన ఉన్నది. శిశువులకు అదికూడా ఇరుకే. ఒక్కసారి తాకడం వారికి సుకరం. వెంటవెంటనే రెండుమార్లు తట్టడం, రెండు వేళ్లతో బొమ్మను విప్పడం కష్టం. అంతేకాదు, ఫోనును రెండు చేతులా పట్టుకొన్నప్పుడు బొటనవేలు తెర అంచుకు తగులుతుంది. యంత్రం దానినీ ఆజ్ఞగానే భావించవచ్చు. అప్పుడు చూపుడువేలి శ్రమ వ్యర్థం. పసివాడు బిక్కమొగం వేస్తాడు, పెద్దలు “పాడుచేశావా?” అని గద్దిస్తారు. రూపకర్త పొరపాటుకు దండన పిల్లవానికి!

పాతబస్తీలో మరొక చిక్కు ఉన్నది. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది. తెలుగు, ఇంగ్లీషు ఎడమనుండి కుడికి. తెలుగు కథలో తరువాతి పుటకై వేలిని ఎడమకు జరపాలి, ఉర్దూ కథలో కుడికి. కుడినుండి సాగే లిపులకు తగిన సమగ్రమైన అమరిక ఆండ్రాయిడ్‌లో 2012లో వచ్చింది. అయినా కథను ఉర్దూలోకి మార్చినవారు అక్షరాలను మార్చి, పుట తిరిగే దిక్కును మరచిరా, బాలికకు కథ అడ్డం తిరుగుతుంది. చదువురానిది తానేనని ఆమె అనుకొంటుంది.

2020లో కరోనా వేళ బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు సాగినవి. ఫోనులోనూ పాఠాలు వచ్చినవి. ఇంటికొక్క ఫోను, దానిచుట్టూ ముగ్గురు పిల్లలు! తమ్ముని వేలు తగిలి పాఠం మూతపడితే, “ఆపా, నేను కావాలని ముట్టలేదు” అని వాడు వెక్కుతాడు. మూసివేసే గుర్తును మూలకు జరిపి, కొంతసేపు అదిమి పట్టితేనే పనిచేసేట్లు అమర్చితే ఈ కలహమే లేదు. అదిమి పట్టడం పసివారికి కష్టం. ఇక్కడ ఆ కష్టమే కాపలా. అప్పుడు అక్క పుట తిప్పుతూ ఉంటే, తమ్ముడు బొమ్మలోని పావురాన్ని ఎన్నిమార్లైనా తట్టవచ్చు.