అమ్మమ్మ పెసల మూట

నాకప్పుడు పదేళ్ళు. ఎండాకాలం సెలవులకు తమ్ముడూ, నేనూ అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. అమ్మమ్మ రాత్రి పెసలు నానబోసి, తెల్లవారి నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచేది. మర్నాటికి ప్రతి గింజకూ తెల్లని తోక మొలిచేది. ఆమె వాటిని బాగా ఉడికించి, తాలింపు వేసి, కొబ్బరికోరు చల్లి మాకు పెట్టేది.

అందాకా ఆగటం నాకు చేతకాలేదు. ఒకనాడు అమ్మమ్మ గుడికి వెళ్ళగానే మూట విప్పాను. మొలకలు ముత్యాల్లా ఉన్నాయి. నేనొక గుప్పెడు తిని, తమ్ముడికొక గుప్పెడు పెట్టాను. "పచ్చివి తింటేనే బలంరా!" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా.

మర్నాడు సాయంత్రం వాడికి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అర్ధరాత్రికల్లా కళ్ళు లోతుకు పోయి, లేవలేకపోయాడు. నాకేమీ కాలేదు. అందుకే నాకు మరింత ఏడుపు వచ్చింది. డాక్టరుగారు వచ్చి, "ఏం తిన్నాడు?" అని అడిగారు. నేను నిజం చెప్పేశాను.

"మొలకల వల్లనేనని రూఢిగా చెప్పలేను గాని, నా అనుమానం వాటి మీదనే," అన్నారాయన.

"మూడుసార్లు కడిగానే, బాబూ!" అన్నది అమ్మమ్మ.

"కడిగితే పోవమ్మా! అవి గింజ పగుళ్ళలో దాక్కుంటాయి," అన్నారు డాక్టరుగారు.

మూడురోజులకు తమ్ముడు కోలుకున్నాడు. ఆ మాటకు అర్థం నాకు పెద్దయ్యాక తెలిసింది. గింజ మొలకెత్తటానికి తేమా, వెచ్చదనమూ కావాలి. సూక్ష్మజీవులు పెరగటానికి కావలసినవీ అవే! అనుకూలంగా ఉంటే ఒక్కటి ఇరవై నిమిషాలకు రెండవుతుంది. ఆ లెక్కన ఎనిమిది గంటలలో ఎన్నవుతాయో మీరే కట్టి చూడండి: 1,67,77,216! అయినా మొలకల రంగూ, రుచీ, వాసనా మారకపోవచ్చు.

1996లో జపానులోని సకాయ్ నగరంలో బడి భోజనం తిని వేలమంది పిల్లలు జబ్బుపడ్డారు. పరిశోధకుల అనుమానం ముల్లంగి మొలకల మీదికి పోయింది. 2011లో జర్మనీలో ఇలాగే దాదాపు 4,000 మంది జబ్బుపడ్డారు. 50 మందికి పైగా చనిపోయారు. మొదట నింద దోసకాయల మీద పడింది. చివరకు తేలినదేమిటంటే, దోషం మెంతి మొలకలది! ఆ మెంతులు ఈజిప్టు నుంచి వచ్చినవి.

అయితే మొలకలు తినటం మానేయాలా? అక్కర్లేదు. పొగలు కక్కేదాకా బాగా ఉడికించి తింటే సరి. పసిపిల్లలూ, ముసలివారూ, గర్భిణులూ, జబ్బుమనుషులూ మాత్రం పచ్చివి ముట్టనే కూడదు. ఫ్రిజ్‌లో పెడితే సూక్ష్మజీవులు పెరగటం నెమ్మదిస్తుందే గాని, అవి చావవు.

అమ్మమ్మకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు. కాని పొయ్యి ఎక్కనిదే ఆ మొలకలు మా పళ్ళెంలోకి వచ్చేవి కావు. ఇప్పటికీ మా ఇంట్లో పెసలు ఉడికే వాసన వస్తే, తమ్ముడు నాకేసి చూసి నవ్వుతాడు. నేను మాత్రం తల వంచుకుంటాను.